రెండు నిమిషాల్లో ఏం చూస్తారు? వేసవి నాటక శిబిరాల ఎంపిక వెనుక సంగతులు

ఏప్రిల్ రెండో వారం దాటిందంటే జిల్లా ఎడిషన్లలో ఓ మూలన చిన్న వార్తలు మొదలవుతాయి. ‘హైస్కూలు విద్యార్థులకు వేసవి నాటక శిక్షణ శిబిరం, ఫలానా తేదీన ఎంపికలు’ అని. వాటి వెంటే నాకు ఫోన్లూ మొదలవుతాయి. బడిలో తెలుగు చెప్తూ, ఏటా పిల్లలతో ఒకటి రెండు నాటకాలు ఆడిస్తుంటాను. అప్పుడప్పుడు ఎంపికలప్పుడు పక్కన కూర్చోమని పిలుస్తారు కూడా. అందుకని నన్ను అడుగుతారు.

మొన్న మిర్యాలగూడ నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది. “సార్, మా పాపకు దుర్యోధనుడి మయసభ ఏకపాత్ర మొత్తం నోటికొస్తది. జిల్లాల ఫస్ట్ ప్రైజు గూడ తెచ్చుకున్నది. హైదరాబాద్ శిబిరానికి తీస్కపోతే తీసుకోలే. మొత్తం చేయనియ్యకుండ నడుమనే ఆపిన్రంట. దీని ముందు చేసిన పిల్ల మాట మర్చిపోయి నిలబడ్డది, ఆ పిల్లను తీసుకున్నరు. ఇదేం ఎంపిక సార్?”

ఆమె కోపం సబబైనదే. గది బయట బెంచీ మీద కూర్చున్న తల్లిదండ్రులకు ఈ ఎంపిక ఎప్పుడూ ఇలాగే, లెక్కాపత్రం లేనిదిగా కనిపిస్తుంది. సిఫారసులు ఎక్కడా నడవవని నేను చెప్పను. కానీ నేను చూసినంతలో, తీసుకోకపోవడానికి కారణం చాలాసార్లు ఇంకోటి ఉంటుంది. ఆమెకు ఫోన్లో పది నిమిషాల్లో చెప్పలేకపోయింది ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను.

ముందు తేల్చుకోవాల్సింది: అది ఏ రకం శిబిరం?

‘వేసవి శిబిరం’ అన్న ఒక్క మాట కింద వేరువేరు సంగతులు నడుస్తున్నాయి. బాలభవన్‌లలో వేసవి తరగతులుంటాయి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్ మన తరం వాళ్లకూ తెలుసు. పాట, బొమ్మలు, డ్యాన్సుతో పాటు నాటకమూ అక్కడ ఒక తరగతి. పేరు నమోదు చేయించుకుంటే చాలు, నటన వచ్చా రాదా అని ఎవరూ పరీక్ష పెట్టరు. కొన్నిచోట్ల సీట్లు పరిమితంగా ఉంటాయి కానీ ముందొచ్చినవాళ్లకే ఇస్తారు. అక్కడ తెలివి ఏమిటంటే ఫారం పొద్దున్నే తీసుకెళ్లడం, అంతే.

రెండో రకం దగ్గరే చిక్కంతా. నెల రోజులు శిక్షణ ఇచ్చి, చివరి రోజున ఒక పూర్తి నాటకం వేయించే శిబిరాలివి. ఇక్కడ ఎంపిక తప్పదు. ఒక హాల్లో, ఒకరిద్దరు శిక్షకులతో, నేల మీద పడుకుని ఊపిరి అభ్యాసాలు చేయించాలన్నా, ఒక్కొక్కరి గొంతు విని సరిచేయాలన్నా ఇరవై, పాతిక మంది దాటితే కుదరదు. నూట యాభై మందిని చేర్చుకుంటే అది సభ అవుతుంది, శిక్షణ కాదు.

ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా పేరు కూడా ఈ సందర్భంలో తరచూ వినిపిస్తుంది. 1959లో సంగీత నాటక అకాడమీ దాన్ని ప్రారంభించింది. 1989లో పిల్లల కోసం, బడుల కోసం అందులోనే ఒక ప్రత్యేక విభాగం ఏర్పడింది, దాని పేరు సంస్కార్ రంగ్ టోలీ. 8 నుంచి 16 ఏళ్ల పిల్లలకు వేసవిలో ఢిల్లీలో నాటక కార్యశాల నడిపేది ఆ విభాగమే. దాని ఉద్దేశం బాలనటులను తయారుచేయడం కాదు. నాటకం ద్వారా పిల్లల ఊహకూ మాటకూ పదును పెట్టడం. పిల్లల నాటక శిబిరాల వెనుక ఎక్కువగా ఉండే ఆలోచన ఇదే. మిర్యాలగూడ తల్లి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

పోటీ వేరు, శిబిరం వేరు

9 నుంచి 12వ తరగతి వరకు చదివే పిల్లలకు కేంద్ర విద్యాశాఖ 2015 నుంచి కళా ఉత్సవ్ నిర్వహిస్తోంది. జిల్లా, రాష్ట్రం, దేశం స్థాయిల్లో జరిగే పోటీ అది. అలాంటి పోటీలో న్యాయనిర్ణేతలు చూసేది పూర్తయిన పనిని. కాలిన కుండను చేత్తో కొట్టి చూసి ఏది గట్టిగా మోగుతుందో దానికి బహుమతి ఇస్తారు. శిబిరానికి ఎంపిక చేసేవాళ్లు వెతికేది పచ్చి మట్టిని. చేత్తో ఒత్తితే వంగుతుందా, నీళ్లు పోస్తే కలుస్తుందా అని చూస్తారు. బాగా కాలిన కుండను మళ్లీ సారె మీద పెట్టలేరు కదా.

జిల్లాలో మొదటి బహుమతి వచ్చిన పిల్ల శిబిరానికి ఎంపిక కాకపోవడం అందుకే వింత కాదు. రెండు చోట్లా అడిగే ప్రశ్న ఒకటి కాదు.

ఏకపాత్రాభినయానికీ మోనోలాగ్‌కూ మధ్య ఉన్న గీత

ఎంపిక నోటీసులో ‘రెండు నిమిషాల మోనోలాగ్ సిద్ధం చేసుకుని రావాలి’ అని రాస్తారు. చదివిన మనం ‘ఓహో, ఏకపాత్రాభినయం’ అనుకుంటాం. అసలు పొరపాటు జరిగేది అక్కడే అని నా నమ్మకం.

ఏకపాత్ర మన ఊళ్లలో ఎట్లా బతికిందో చూడండి. వినాయకుడి మండపం ముందు, బడి వార్షికోత్సవంలో, ఎదురుగా వందలమంది. ఎవరో పిల్లలు ఏడుస్తుంటారు, జనరేటర్ మోగుతుంటుంది. ఆ రొదను దాటి వెనక వరుసకు వినపడాలి. అందుకే గొంతు పైకి లేస్తుంది, చెయ్యి చాపుతారు, కన్ను ఎర్రచేస్తారు. సమాసాలు విరగకుండా ఒక్క ఊపిరిలో చెప్పాలి. అది చిన్న విద్య కాదు, ఏళ్ల సాధన కావాలి. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే.

కానీ ఏకపాత్రలో వినేది ప్రేక్షకులు. మోనోలాగ్‌లో వినేది వేరే ఒక మనిషి. ఆ మనిషి మనకు కనబడడు, చేసేవాళ్లకు మాత్రం కనబడాలి. ఆ మనిషి నుంచి ఏదో ఒకటి కావాలి. డబ్బు కావచ్చు, క్షమాపణ కావచ్చు, ఒక్క రోజు సెలవు కావచ్చు. అవతలి మనిషి మధ్యలో ఏదో అంటాడు, ముఖం తిప్పుకుంటాడు. దాన్ని బట్టి మన మాట మారాలి.

రెండేళ్ల కిందట ఒక ఎంపికలో చూసింది చెప్తాను. మక్తల్ వైపు నుంచి వచ్చిన తొమ్మిదో తరగతి పిల్ల. బొంబాయిలో పనికి పోయిన తండ్రితో ఫోన్లో మాట్లాడటం, అంతే ఆమె తెచ్చిన ముక్క. ఎవరూ రాసివ్వలేదు, తనే అల్లుకుంది. వచ్చి నిలబడి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. “నాయినా, ఇనవడుతుందా?” అని ఆగింది. సిగ్నల్ కోసం రెండడుగులు పక్కకు జరిగి, తల కొంచెం పైకెత్తింది. “ఆ... ఇప్పుడు ఇనవడుతుంది. పండుగకొస్తవా?” మళ్లీ ఆగింది. ఈసారి చాలాసేపు. అవతల ఏం చెప్పి ఉంటాడో ఆమె మెడ వంగడంలోనే మాకు తెలిసిపోయింది. “సరే తియ్” అంది. తర్వాత, “అవ్వకియ్యాల్నా?” అని ఒక్కసారి వెనక్కి చూసి, “అవ్వ లేదు నాయినా, చేనుకాడికి వోయింది” అని ఫోన్ పెట్టేసింది.

వెనక్కి చూసిన ఆ చూపులో తల్లి అక్కడే నిలబడి ఉంది. మాట్లాడనని చెయ్యి ఊపిన తల్లి. మొత్తం ఒక నిమిషం కూడా పట్టలేదు. రాసుకుంటున్న మా పెన్నులు ఆగిపోయాయి.

ఇది చదివి, వలస మీదో కన్నీళ్ల మీదో చేస్తే సీటు వస్తుందని అనుకోవద్దు. అదే రోజు ఏడుపు ముక్కలు ఇంకో నాలుగు వచ్చాయి, అవేవీ నిలబడలేదు. ఈ పిల్ల ఏడవలేదు. ఆమె విన్నది. అవతలి మాట వినడం అనే పనిని అంత చిన్న వయసులో చేసి చూపింది. అంగట్లో వంకాయల బేరం చేసే నానమ్మను అచ్చు దింపిన పిల్లవాడొకడు కూడా అదే రోజు ఎంపికయ్యాడు. అందరినీ నవ్వించాడు.

“మళ్లీ చెయ్యి, ఈసారి వేరేలా” అన్నప్పుడు

ముక్క చేశాక, లేదా నడుమనే ఆపి, ఎదురుగా కూర్చున్నవాళ్లు ఒక మార్పు చెప్తారు. మొత్తం ఎంపికలో ఇదే ముఖ్యమైన ఘట్టం. బయటివాళ్లకు ఎక్కువగా అపార్థమయ్యేదీ ఇదే.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఇద్దరు అబ్బాయిలు రేషన్ షాపు దగ్గర తూకం తగ్గిందని గొడవపడే మనిషిని చేశారు. ఇద్దరికీ ఒకే మాట చెప్పారు: “ఇవే మాటలు, కానీ ఇప్పుడు వెనక మీ నాన్న నిలబడి ఉన్నాడు, ఆయనకు వినబడొద్దు.” మొదటి అబ్బాయి అదే చేతులూపు, అదే విరుపుతో గొంతు మాత్రం తగ్గించి తప్పులేకుండా పూర్తిచేశాడు. రెండో అబ్బాయి మొదలుపెట్టి, ఆగి, ఒక వాక్యం మర్చిపోయి, సారీ సార్ అని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి డీలర్‌కు దగ్గరగా జరిగాడు, సంచిని ఒంటికి అడ్డం పెట్టుకున్నాడు, మాట పళ్ల మధ్య నుంచి వచ్చింది. కిటికీ నుంచి చూసేవాళ్లకు మొదటివాడు బాగా చేశాడు, రెండోవాడు తడబడ్డాడు. లోపలున్నవాళ్లకు మొదటివాడు నేర్చుకున్నది అప్పజెప్పాడు, రెండోవాడు అక్కడికక్కడే నేర్చుకున్నాడు.

మాట మర్చిపోయి నిలబడ్డ పిల్లను తీసుకోవడం వెనుక ఉన్నది చాలావరకు ఇదే అయివుంటుంది. నడుమ ఆపడమంటే తిరస్కరించడం కాదు. బాగా చేస్తున్నవాళ్లనే ఎక్కువసార్లు ఆపుతారు, ఇంకేం చేయగలరో చూద్దామని.

పెద్దల చదువులోనూ ఇదే పద్ధతి ఉంది. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల డిప్లొమాకు మొదటి వడపోతలో నిలిచినవాళ్లను ఢిల్లీకి పిలిపించి, కొన్ని రోజుల కార్యశాల పెట్టి, అందులో పనిచేస్తుండగా చూసి తుది ఎంపిక చేస్తారు. ఒక్క ప్రదర్శనతో మనిషి తెలియడని వాళ్లకూ తెలుసు.

మోనోలాగ్ తర్వాత ఇంకో రెండు ఉండొచ్చు. కోల్డ్ రీడింగ్ అంటే ముందెప్పుడూ చూడని కాగితం చేతికిచ్చి చదవమనడం. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఇక్కడ తెలుగు అక్షరాల దగ్గరే ఆగిపోతున్నారు. అది నటన లోపం కాదు, చదివే అలవాటు లేకపోవడం. రోజూ పేపర్ బిగ్గరగా చదివిన పిల్లలకు ఈ ఇబ్బంది ఉండదు.

రెండోది ఇంప్రొవైజేషన్, అప్పటికప్పుడు అల్లడం. నలుగురు పిల్లలను నిలబెట్టి, “దేవరకొండ బస్సొచ్చింది, ఒక్కటే సీటుంది” అంటారు. ఒకడు కిటికీలోంచి కర్చీఫ్ వేస్తాడు. ఇంకొకడు ఆ కర్చీఫ్ తీసి కింద పడేస్తాడు. మూడో పిల్ల గర్భిణిలా నడుం పట్టుకుని వస్తుంది. నాలుగోవాడు ఏమీ అనకుండా లేచి నిలబడి, ఆమె సంచి అందుకుంటాడు. ఎక్కువ మాటలు చెప్పినవాడి కంటే ఆ నాలుగోవాడి పేరు పక్కన టిక్కు పడటం నేను చూశాను. నెల రోజులు పాతిక మంది కలిసి పనిచేయాలి కదా, పక్కవాడికి చోటిచ్చే గుణం కూడా వాళ్లు వెతికే వాటిలో ఒకటి.

మన యాసతో చేయొచ్చా?

ఈ ప్రశ్న రాని ఏడాది లేదు. దీని మీద నాటకం వాళ్లలోనే రెండు మాటలున్నాయి.

పద్యనాటకం, పౌరాణికం చేసినవాళ్లు అంటారు: ళకారం లకారం, శకారం సకారం తేడా తెలియకపోతే గొంతు దేనికీ పనికిరాదు, ముందు ఉచ్చారణ. ఈ మాటలో బలం ఉంది. రాయబారం పద్యాన్ని నాలుక తిరగకుండా చదివితే పద్యం చచ్చిపోతుంది. సాంఘిక నాటకం చేసేవాళ్లు అంటారు: పిల్లలు ఏ భాషలో కోప్పడతారో, ఏ భాషలో కలవరిస్తారో ఆ భాషలోనే నిజంగా నటించగలరు. పాలమూరు పిల్లతో కృష్ణా జిల్లా మాట పలికిస్తే ఆమె సగం శక్తి మాటను కాపాడుకోవడానికే పోతుంది. ఇదీ నిజమే.

నా అనుభవం రెండో వైపే మొగ్గు చూపుతుంది, అయితే ఒక షరతుతో. యాస వేరు, స్పష్టత వేరు. “ఏడికి వోతున్నవ్?” అన్నది చక్కటి వాక్యం. కానీ చివరి ‘వ్’ వినపడాలి. మనలో చాలామంది పిల్లలు వాక్యం చివరికొచ్చేసరికి గొంతు దించేస్తారు, ఆఖరి అక్షరం నోట్లోనే ఉండిపోతుంది. ఎంపికలో కొట్టివేసేది ఆ మింగిన అక్షరాన్ని, యాసను కాదు. యాసను వెక్కిరించే శిబిరం ఎక్కడైనా ఉంటే అలాంటి చోట సీటు రాకపోయినా ఏం పోయింది?

ఇరవై నాలుగు సీట్ల లెక్క

ఇప్పుడు అంకెల్లో చూద్దాం. ఇది ఊహించుకున్న లెక్క, ఏ ఒక్క శిబిరానిదీ కాదు. 24 సీట్లు, 150 దరఖాస్తులు. పైకి చూస్తే ఆరుగురిలో ఒకరికి సీటు. కానీ వేయబోయే నాటకంలో ఆడపిల్లలు, మగపిల్లలు సమానంగా కావాలని నిర్వాహకులు 12, 12గా పంచారు. వచ్చినవాళ్లలో అబ్బాయిలు 110, అమ్మాయిలు 40. అప్పుడు అబ్బాయిల్లో తొమ్మిదిమందికి ఒకరు, అమ్మాయిల్లో ముగ్గురు నలుగురికి ఒకరు ఎంపికవుతారు. గది ఒకటే, పోటీ రెండు రకాలు.

ఇంకో మెట్టు దిగండి. ఆ 12 మంది అబ్బాయిల్లో డప్పు వచ్చినవాళ్లు ఇద్దరు కావాలి, పొట్టిగా చిన్నగా ఉండేవాళ్లు కొందరు కావాలి, ఎందుకంటే కథలో తాత మనవలు ఉన్నారు. ఒకే ఊరి నుంచి ఐదుగురిని తీసుకుంటే వాళ్లు గుంపు కడతారని ఇద్దరితో ఆపారు. అంటే మూడో మంచి నటుడు తన ఊరివాళ్ల వల్లే ఆగిపోయాడు. అతనిలో ఏ లోపమూ లేదు. వాళ్లు చేస్తున్న పని మార్కులు వేసి వరుసలో పేర్చడం కాదు, ఒక బృందాన్ని కూర్చడం. కబడ్డీ జట్టుకు ఏడుగురు రైడర్లను తీసుకోరు కదా.

దీనిమీద గట్టి అభ్యంతరమూ ఉంది. ఇట్లా కూర్చే స్వేచ్ఛ ఇస్తే ఆ ముసుగులో ఇష్టమైనవాళ్లను తీసుకోవచ్చు కదా అంటారు. అది కాదనలేని మాట. అందుకే కొన్నిచోట్ల ముగ్గురు విడివిడిగా మార్కులు వేసి, తర్వాతే కూర్చుని బృందాన్ని కూరుస్తారు. ఏం చూస్తారో నోటీసులోనే రాస్తే సగం అనుమానాలు అక్కడే తీరుతాయి. మన దగ్గర ఆ రెండు వాక్యాలు రాసేవాళ్లు తక్కువ, అది నాకు బాధ.

వెయిటింగ్ లిస్టు సంగతి కూడా తెలుసుకోవాలి. టెన్త్ రాసిన పిల్లలు కొందరు పేరు వచ్చాక ఇంటర్ కాలేజీ బ్రిడ్జి కోర్సుకు వెళ్లిపోతారు. ఊరి నుంచి వచ్చినవాళ్లలో ఒకరిద్దరు ఉండలేక ఇంటికి పోతారు. మూడో రోజో నాలుగో రోజో ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ ఎత్తకపోవడం వల్ల సీటు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

నెల రోజులు: చదువు, బస్సు, బస

మన బడులకు సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. ఆ ఏడు వారాల మీద అందరి కన్నూ ఉంటుంది. తొమ్మిది పూర్తిచేసిన పిల్లలకు టెన్త్ పాఠాలు ముందే మొదలుపెట్టాలని కొందరు తల్లిదండ్రులు అంటారు, వాళ్లను తప్పుపట్టలేం. కూలి పనికి పోయి చదివించే ఇంట్లో ఆ పిల్ల మార్కులే ఆస్తి. నెల రోజులు నాటకం చేసిన పిల్లలు క్లాసులో లేచి నిలబడి ప్రశ్న అడగడం మొదలుపెడతారని టీచర్లం అంటాం. అది కళ్లారా చూశాం. మార్కులు పెరుగుతాయని మాత్రం నేను హామీ ఇవ్వను.

అసలు అడ్డు చాలాసార్లు దూరం. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లు అటూఇటూ. రోజూ పోయి రావడం పిల్లలతో అయ్యే పని కాదు. పొద్దున తొమ్మిదికి మొదలయ్యే శిబిరమైతే బంధువుల ఇల్లు ఎటువైపుందన్నదే ఎంపికను తేలుస్తుంది. నల్లగొండ వాళ్లకు ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో ఎవరో ఒకరుంటారు, పాలమూరు వాళ్లకు ఆరాంఘర్, శంషాబాద్ వైపు. ఎవరూ లేని పిల్ల ఎంత బాగా చేసినా ఆగిపోతుంది. ఆడపిల్లలైతే మరీను. బస కూడా ఉన్న శిబిరానికి, లేనిదానికి ఉన్న తేడా నటనలో తేడా కంటే పెద్దది. జిల్లా కేంద్రంలోనే శిబిరం నడిస్తే వచ్చేవాళ్ల ముఖాలే మారిపోతాయి, నేను చూశాను.

అమెరికాలో ఉన్న మన పిల్లల మాట

డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మన జిల్లాల కుటుంబాల నుంచి కూడా ఈ మధ్య ఇవే ప్రశ్నలు వస్తున్నాయి. అక్కడి పద్ధతి కొంత వేరు. షికాగో పక్కనున్న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం 1931 నుంచి హైస్కూలు పిల్లలకు వేసవి చదువులు నడుపుతోంది, అందులో నాటకం ఒకటి. మిషిగన్‌లోని ఇంటర్‌లోకెన్ కళల శిబిరం 1928 నాటిది. ‘రైజింగ్ సీనియర్’ అన్న మాట అక్కడి ఫారాల్లో కనిపిస్తుంది. పదకొండో తరగతి అయిపోయి, వచ్చే ఏడాది పన్నెండుకు వెళ్లే పిల్లలని అర్థం. అక్కడ చాలా శిబిరాలకు చలికాలంలోనే దరఖాస్తు గడువు ముగుస్తుంది. వీడియో పంపాలి, టీచర్ ఉత్తరం కావాలి, ఎందుకు చేరాలనుకుంటున్నారో వ్యాసం రాయాలి. ఫీజులు భారీగా ఉంటాయి, సాయం విడిగా అడగాలి. వీడియోకు తిరుగు ప్రశ్న ఉండదు కాబట్టి, ఎదుటి మనిషిని వినే ఆ గుణం ముక్కలోనే కనబడాలి.

సర్టిఫికెట్ దేనికి పనికొస్తుంది?

ఇంటర్ సీటుకో ఇంజనీరింగ్ సీటుకో ఈ సర్టిఫికెట్ పనికిరాదు. అది ముందే చెప్పేస్తే మంచిది. నాటకాన్నే చదువుగా తీసుకునేవాళ్లకు మాత్రం దారి ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం ఉంది. మన తెలుగు విశ్వవిద్యాలయంలోనూ ఉంది. ఆ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు పాలమూరు మట్టిలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు డిగ్రీతో పాటు నాటకాల్లో పాల్గొన్న అనుభవం చూపమంటారు. అంటే అక్కడ లెక్కకొచ్చేది శిబిరం కాగితం కాదు, ఆడిన నాటకాలు.

ఆ అనుభవం దగ్గరే చివరగా ఒక సంగతి. ప్రతి దరఖాస్తులో ‘మునుపటి రంగస్థల అనుభవం’ అని ఒక గడి ఉంటుంది. నిరుడు నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చిన ఒక అబ్బాయి అందులో ‘లేదు’ అని రాశాడు. ముక్క చేస్తుంటే నిలబడే తీరులో ఏదో తేడా కనిపించి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగాం. తల దించుకున్నాడు. వాళ్ల తాతది భాగవతం మేళం. ఆరేళ్ల వయసు నుంచి ప్రహ్లాదుడి వేషం కడుతున్నాడు. తెల్లవార్లూ ఆటలో నిలబడ్డాడు, ముఖానికి అర్దళం తనే పూసుకుంటాడు. “అది రాయాల్నా సార్? అది మా ఇంట్ల పని కదా” అన్నాడు.

ఫారం వెనక్కిచ్చాం. ‘లేదు’ కొట్టేసి, జాగా సరిపోక, పక్కన మార్జిన్లో పైనుంచి కిందికి తిప్పి తిప్పి రాశాడు.